బుడమేరు తడిపిన సర్టిఫికెట్లు: పీహెచ్‌డీకి బయల్దేరే ముందు నా నాలుగు నెలలు

ఇవాళ 2024 డిసెంబర్ 29. ఇంకో ఆరు రోజుల్లో హైదరాబాద్‌లో విమానం ఎక్కాలి. విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇల్లు మునిగింది. గోడ మీద నా భుజం ఎత్తున ఆ నీటి గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. నాన్న రెండుసార్లు సున్నం వేయించారు. రెండుసార్లూ గీత మళ్లీ పైకి తేలింది.

సర్టిఫికెట్లు తడిసిన వాళ్లు మా వీధిలోనే నలుగురు, మళ్లీ ఎలా తెచ్చుకోవాలో నన్ను అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

మార్చిలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో భూగర్భశాస్త్రం పీహెచ్‌డీకి సీటు వచ్చింది. ఏప్రిల్ 15 లోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి, వస్తానని చెప్పాను. గైడ్‌గారి పరిశోధన నిధులు జనవరిలో మొదలవుతాయి కాబట్టి ఆగస్టులో కాకుండా జనవరిలో రమ్మన్నారు. ఫీజు కట్టనక్కర్లేదు, పైగా నెలనెలా స్టైపెండు ఇస్తారు. అప్పు చేయడం లేదంటే బంధువుల్లో ఒక్కరూ నమ్మలేదు. "డబ్బులు వాళ్లే ఇస్తారా? అయితే అది చదువేనా?" అన్నాడు మా బాబాయి. జియాలజీ అని చెప్పగానే మనవైపు వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది, బోరు పాయింటు చూపిస్తావా అని. మా తాతయ్య ఊళ్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసే పెద్దాయనకు నాకంటే గౌరవం ఎక్కువ. ఆయన ఎప్పుడూ తడుముకోకుండా చెబుతాడు మరి.

ఆగస్టు 16న ఐ-20, అంటే స్టూడెంట్ వీసాకు కావాల్సిన విశ్వవిద్యాలయం కాగితం, వచ్చింది. 20న విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టాను, మన డబ్బుల్లో ఇరవై తొమ్మిది వేలు దాటింది. 28న వీసా దరఖాస్తు, డీఎస్-160 ఫారం, నింపాను. సోమవారం, సెప్టెంబర్ 2న, వీసా స్లాట్లు వెతుకుదామని అనుకున్నాను.

ఆగస్టు 31న, శనివారం, మొగల్రాజపురంలో కొండ విరిగి ఇళ్ల మీద పడింది. మనుషులు పోయారు. ఆ రోజంతా నాకు ఫోన్లే. ఎందుకు పడింది, మా వెనక కొండ సంగతేమిటి అని. నేను చదివినదంతా చెప్పాను. బెజవాడ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ అనే రాయి. గార్నెట్ గింజలు ఎర్రగా మెరుస్తుంటాయి. చూడడానికి గట్టిగా ఉంటుంది కానీ ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నాని లోపల మెత్తబడుతుంది. పగుళ్లలో నీరు దిగాక, ఇళ్ల కోసం కింద తవ్వేసిన చోట దానికి ఆధారం ఉండదు. రాత్రి పదకొండు దాకా కొండల గురించే మాట్లాడాను. వాగు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అంటారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. 2005 వరదప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని బయటికి వచ్చిన గుర్తు కూడా ఉంది. అయినా ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున్నే వీధిలోకి నీళ్లు వచ్చాయి. తొమ్మిదికల్లా గుమ్మం దాటాయి. పైఅంతస్తులో ఇంటి యజమానులుంటారు. అక్కడికి మేము మోసినవి వరసగా చెబుతాను: గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా, టీవీ, అమ్మ కుట్టుమిషను తలకాయ, దేవుడి పటాలు. సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉన్నాయి. పాస్‌పోర్టు కూడా అదే ఫైలులో ఉంది. బీరువా తలుపు మూసి తాళం వేశాం. తాళం వేస్తే నీళ్లు లోపలికి వెళ్లవని ముగ్గురమూ ఎలా నమ్మామో ఇప్పటికీ తెలియదు.

మూడు రోజులు మేడ మీదే. డ్రోన్లు పొట్లాలు జారవిడిచేవి. మా డాబా మీద పడాల్సినవి సగం పక్క డాబా మీద పడేవి, వాళ్లు తాడు కట్టి ఇటు పంపేవారు. 4న బోటు వచ్చింది. ఫ్లైఓవర్ దగ్గర దిగి, అక్కడి నుంచి గుంటూరులో పిన్ని ఇంటికి వెళ్లాం. వారధి దాటుతుంటే బస్సులో అందరూ లేచి నిలబడి కృష్ణను చూశారు. రెండు రోజుల ముందు బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్లిన నది అది. అమ్మ మాత్రం అటు తల తిప్పలేదు. వినాయక చవితి బ్రాడీపేటలోనే జరిగింది.

సెప్టెంబర్ 11న తిరిగి వచ్చాం. ఇంట్లో జానెడు బురద. నాన్న పార తీసుకున్నారు, నేను ఒక్క నిమిషం ఆగమని వంటగది మూలలో ఒక పక్కను నిలువుగా కోసి చూశాను. అడుగున ముతక ఇసుక, మధ్యలో సన్న ఇసుక, పైన వెన్నలాంటి ఒండ్రు. నీరు నెమ్మదించిన కొద్దీ బరువైనది ముందు, తేలికైనది తర్వాత దిగిన వరస. విద్యార్థులకు చూపించడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. ఒక హార్లిక్స్ సీసాలో కొంత నింపుకున్నాను. "దీన్ని కూడా చదువుతావా?" అన్నారు నాన్న. కోపం లేదు ఆ గొంతులో, బాగా అలసిపోయి ఉన్నారు.

బీరువా తలుపు రాలేదు. ఆటోనగర్‌లో నాన్నతో పనిచేసే ఆయన పలుగు తెచ్చి తెరిచాడు. ఫైలు ఉబ్బి ఇటుకలా ఉంది. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. తడిసి అతుక్కున్న కాగితాలను వెంటనే విడదీయకూడదు. నేను ఆత్రంగా బీఎస్సీ ప్రొవిజనల్‌ను లాగాను. కాగితం నా చేతికి వచ్చింది, అక్షరాలు మాత్రం పక్కనున్న ఎమ్మెస్సీ మెమో వెనక అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయ్యాయి. మిగతావి కదిలించకుండా పాత పేపర్ల మధ్య పెట్టి, పేపర్లు మార్చుకుంటూ, ఫ్యాను గాలికి అయిదు రోజులు ఆరబెట్టాను. కొన్ని చదవడానికి వీలుగా వచ్చాయి.

పదో తరగతి మెమోను నాన్న ఎప్పుడో లామినేషన్ చేయించారు. లామినేషన్ చేయించకూడదని ప్రతి చోటా చెబుతారు, నేనూ అప్పట్లో ఆయనతో గొడవపడ్డాను. అదొక్కటే చెక్కుచెదరలేదు.

నా ఫీల్డ్ సంచి నేల మీదే ఉండిపోయింది. అందులో నోటుపుస్తకం అట్ట ఊడిపోయింది, పేజీలు ముడతలు పడ్డాయి. కానీ ప్రతి అక్షరం ఉంది. ఫీల్డ్‌లో పెన్సిల్‌తోనే రాయమని మాస్టారు మొదటి రోజే చెప్పారు, వానకు పెన్నురాత నిలవదని. కొండపల్లి గుట్టల్లో రెండు వేసవులు తిరిగి రాసుకున్నదంతా అలాగే ఉంది. విశ్వవిద్యాలయం ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చినవి మాత్రం గుజ్జయ్యాయి.

12న గైడ్‌గారికి రాశాను, వచ్చే ఆగస్టుకు వాయిదా వేయవచ్చా అని. మర్నాడే జవాబు వచ్చింది. రావచ్చు, కానీ ఆ డబ్బు జనవరికి ఉంది, ఆగస్టుకు ఉంటుందని మాట ఇవ్వలేను అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు సంతోషించాను. నాన్నకు చదివి వినిపించాను. ఇల్లు ఇలా ఉంటే ఎలా వెళ్లను అన్నాను. "నువ్వు ఇక్కడ ఉంటే గోడలు తొందరగా ఆరతాయా?" అన్నారు.

13న పోలీస్ స్టేషనుకు వెళ్లాను. అక్కడ తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, ప్రపంచంలో కాగితాలు పోతాయి గానీ తడవవు. ఫిర్యాదు నమూనాలో 'పోగొట్టుకున్నాను' అనే ఉంటుంది. పోలేదండీ, పాడయ్యాయి అంటే, పోయాయని రాస్తేనే మీకు పని అవుతుందమ్మా అన్నాడు రైటర్. మంచికే చెప్పాడు, కానీ అలా రాయించుకుని ఉంటే తర్వాత ఇబ్బంది పడేదాన్ని. ఒక కార్యాలయంలో పోయినట్టు పోలీసుల ధ్రువపత్రం కావాలన్నారు. ఇంకో చోట పాడైన అసలు కాగితాన్ని తిరిగి అప్పగించాలన్నారు. రెండింటికీ పనికొచ్చేలా 'వరద నీటిలో మునిగి చదవడానికి వీలులేకుండా పాడయ్యాయి' అని రాయించి, ఒక్కో సర్టిఫికెట్ పేరూ హాల్‌టికెట్ నంబరూ కింద వేయించాను. దానితోపాటు స్టాంపు పేపరు మీద అఫిడవిట్, నోటరీ. ఒకటి సరిపోదు, నాలుగు సెట్లు చేయించుకోండి. నాకు అన్నీ కలిపి పదహారు వందలు అయింది.

హాల్‌టికెట్ నంబర్లు ఎలా తెలిశాయంటే, అడ్మిషన్ కోసం ఏడాది కింద అన్నీ స్కాన్ చేసి మెయిల్‌లో పంపాను. అవే కాపాడాయి. డూప్లికేట్ ఫారంలో నంబరు, పాసైన నెల, సంవత్సరం లేకపోతే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఇది చదివిన వాళ్లు ఈ రాత్రే మీ కాగితాలు ఫోనులో ఫొటోలు తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

ఇంటర్ మెమోకు 19న దరఖాస్తు పెట్టాను, అక్టోబర్ 29న వచ్చింది. పెద్దగా చెప్పడానికేమీ లేదు.

విశ్వవిద్యాలయం సంగతి వేరు. సెప్టెంబర్ 20న మొదటిసారి వెళ్లాను. చలానా కట్టి, ఫారం నింపి, అఫిడవిట్ జతచేసి ఇస్తే, కౌంటర్‌లో ఆయన "మునిగిందని రుజువేమిటి?" అన్నారు. సంచిలోంచి పాలిథిన్ కవరు తీసి ముడి విప్పాను. రోజుల తరబడి కవరులో ముగ్గిన బురద వాసన గది మొత్తం కమ్ముకుంది. "సరే సరే, కట్టెయ్యమ్మా" అని వెంటనే తీసుకున్నారు. రసీదు మీద తేదీ ముద్ర లేదని బయటికి వచ్చాక చూసుకున్నాను. మళ్లీ లోపలికి వెళ్లి వేయించుకున్నాను. ఆ ముద్ర లేకపోతే అక్టోబర్ 21న రెండోసారి వెళ్లినప్పుడు నా దరఖాస్తు అసలు ఇవ్వలేదని అనేవారు. అప్పటికి అది ఒక సంతకం దగ్గర ఆగి ఉంది. ఏ సంతకమో చెప్పింది ఒక అటెండరు. నేను ఏమీ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. "మా చెల్లెలి ఇల్లు కూడా అటువైపేనమ్మా" అన్నాడు, అంతే. నవంబర్ 8న ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మెమో, సీలు వేసిన ట్రాన్స్‌స్క్రిప్టు కవర్లు మూడు చేతికి వచ్చాయి. 49 రోజులు. కవరు అంటించిన మడత మీద సంతకం, ముద్ర రెండూ పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. నా కవర్లలో ఒకదాని మీద పడలేదు.

ఈలోగా పాస్‌పోర్టు. పేరు, నంబరు, ఫొటో కనిపిస్తున్నాయి, వెనక పేజీలు ఉబ్బి విడిపోయాయి. పాడైన పాస్‌పోర్టు కింద మళ్లీ తీసుకోవడానికి 3,000 రూపాయలు కట్టాను. సెప్టెంబర్ 26న అపాయింట్‌మెంటు, అక్కడ గంటన్నరలో బయటపడ్డాను. తర్వాత పోలీసు విచారణ దగ్గర ఆగింది. అక్టోబర్ 3 నుంచి 12 దాకా దసరా. ఆ పది రోజులు బెజవాడలో ఖాకీ చొక్కా ఉన్న ప్రతి మనిషీ ఇంద్రకీలాద్రి దగ్గరే ఉంటాడు. నేను లెక్కలోకి తీసుకోని విషయం ఇది. 15న కానిస్టేబుల్ వచ్చాడు. ఇద్దరు పొరుగువాళ్లు సాక్షి సంతకం పెట్టాలి, మా పక్కింటివాళ్లు ఇంకా తిరిగి రాలేదు, వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని పట్టుకొచ్చాను. 24న స్పీడ్ పోస్టులో కొత్త పాస్‌పోర్టు వచ్చింది.

కొత్త పాస్‌పోర్టు అంటే కొత్త నంబరు. ఆగస్టులో నింపిన డీఎస్-160 పనికిరాదు, మొదటి నుంచి మళ్లీ నింపాను. వీసా ఫీజు 185 డాలర్లు కట్టాను. స్లాటు మాత్రం అదృష్టం కొద్దీ దొరికింది. నవంబర్ 18న హైదరాబాద్‌లో వేలిముద్రలు, 20న నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూకు అన్నీ పట్టుకెళ్లాను. కొత్త ఓడీ, కొత్త మెమోలు, పాడైన వాటి జిరాక్సులు, పోలీసుల కాగితం, వార్తాపత్రికలో మా వీధి ఫొటో. ముందు రాత్రంతా వరద గురించి ఎలా చెప్పాలో వల్లె వేసుకున్నాను. అద్దం అవతల అధికారి ఏం పరిశోధన అని అడిగింది. రాతిలో గార్నెట్ పెరిగేటప్పుడు చెట్టు వలయాల్లా పొరలు పొరలుగా పెరుగుతుంది, ఆ పొరల వయసు కట్టి ఆ కొండలు ఎప్పుడు ఎంత లోతులో కాలాయో చెబుతాం అన్నాను. డబ్బు ఎవరిస్తున్నారు అంది. చెప్పాను. ఇంతకుముందు విదేశాలకు వెళ్లావా అంది. లేదన్నాను. వీసా ఇస్తున్నాం అంది. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఒక్క సర్టిఫికెట్ అడగలేదు. ఫైలు జిప్పు కూడా తీయలేదు.

బయటికి వచ్చి చెట్టు కింద కూర్చున్నాను. సంతోషం వెంటనే రాలేదు. అడిగి ఉంటే బాగుండునని అనిపించింది, ఆ 49 రోజులూ ఎవరో ఒకరు చూడాలి కదా. అమ్మకు ఫోను చేస్తే మొదటి మాట, "తిన్నావా?" అప్పుడు ఏడుపు వచ్చింది. (ట్రాన్స్‌స్క్రిప్టులూ డిగ్రీ కాగితమూ అక్కడికి వెళ్లాక విశ్వవిద్యాలయంలో ఇవ్వాల్సిందే. వృథా అయితే కాలేదు.) పాస్‌పోర్టు 27న తిరిగి వచ్చింది.

టీకాల సంగతి ఆలస్యంగా తెలిసింది. అక్కడ చేరాలంటే తట్టు, గవదబిళ్లల ఎమ్మెమ్మార్ టీకా రెండు డోసులు వేసుకున్నట్టు కాగితం చూపాలి. నా చిన్నప్పటి టీకా కార్డు కూడా అదే ఫైలులో ఉండేది. మళ్లీ వేయించుకోవడమే. రెండింటి మధ్య 28 రోజులు ఉండాలి కాబట్టి నవంబర్ 22న ఒకటి, డిసెంబర్ 20న ఒకటి. ఇంకో వారం ఆలస్యమైతే రెండోది సూట్‌కేసు సర్దుకునే రోజుల్లో పడేది. టీబీకి రక్త పరీక్ష, మెనింజైటిస్ టీకా. మొత్తం ఎనిమిది వేల దాకా అయింది.

టికెట్టు 78,000. మొదటి స్టైపెండు చేతికి రావడానికి ఫిబ్రవరి అవుతుంది. అప్పటిదాకా గది అడ్వాన్సు, దుప్పట్లు, చలికోటు. మామయ్య రెండు లక్షలు ఇచ్చాడు. ఫీజు లేదు కదా అని ధైర్యంగా ఉన్నవాళ్లు ఈ మొదటి నెల సంగతి మరిచిపోకండి. నీళ్లు వచ్చిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన 25,000 లోంచి నాకు టికెట్టుకు ఇస్తానని అమ్మ అంది. ఆ డబ్బుతో కుట్టుమిషనుకు కొత్త స్టాండూ మోటారూ కొనిపించాను. తలకాయ పైకి మోశాం కానీ కాళ్లు కిందే వదిలేశాం కదా.

ఇక రాళ్లు. మెట్ల కింద గోనెసంచుల్లో 64 నమూనాలు ఉండేవి. నీటికి రాయికి ఏమీ కాదు, దాని చీటీకి అవుతుంది. ఎక్కడ దొరికిందో తెలియని నమూనా మామూలు రాయే, పరిశోధనకు పనికిరాదు. తెల్ల పెయింటు పూసి దాని మీద మార్కరుతో నంబరు వేసినవి 23 ఉన్నాయి, వాటికేమీ కాలేదు. గుడ్డసంచిలో కాగితం చీటీ పెట్టినవి 41. నోటుపుస్తకం ముందు పెట్టుకుని, రంగు, గింజల పరిమాణం, సుత్తి విరిచిన ముఖం చూసుకుంటూ నాలుగు ఆదివారాలు కూర్చుని 19 పోల్చాను. మిగతా 22 నాన్న తులసికోట చుట్టూ పేర్చారు. వాటిలో ఒకటి నేను జూన్ ఎండలో నాలుగు కిలోమీటర్లు మోసుకొచ్చిన చార్నొకైట్ అనే రాయి. ఏదో మాత్రం చెప్పలేను.

పోల్చిన వాటిలో ఎక్కువ భాగం నాకు పాఠం చెప్పిన కాలేజీకి ఇచ్చేశాను. మూడు చిన్న ముక్కలు నాతో వస్తున్నాయి. అమెరికాలోకి మట్టి తీసుకెళ్లకూడదు కాబట్టి పాత టూత్‌బ్రష్‌తో పగుళ్లన్నీ రుద్ది కడిగాను. హార్లిక్స్ సీసా ఇక్కడే ఉంటుంది. అమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టింది. వచ్చిన వాళ్లకు, "అదుగో, మన వంటింట్లోది" అని చూపిస్తోంది.

పెట్టెలు రెండు, ఒక్కోటి 23 కిలోలు. గోంగూర పచ్చడి కిలోనా, రెండు కిలోలా అన్న దాని మీద నిన్న గంట సేపు చర్చ జరిగింది. రాళ్లు మూడూ కలిపి ఎనిమిది వందల గ్రాములే అని ఎంత చెప్పినా, ఆ ఎనిమిది వందల గ్రాములకు ఎంత కారప్పొడి పడుతుందో పిన్ని లెక్క చెప్పింది. గుంటూరు మనిషి, లెక్క తప్పదు.

సంక్రాంతికి ఉండను. భోగి రోజున అక్కడ నా మొదటి తరగతి.

వెళ్లే ఊరు రెండు వేల మీటర్ల ఎత్తున ఉందని చెప్పినప్పుడు, చలి ఎంత అని నాన్న అడిగారు. అమ్మ అడిగింది వేరు: "అక్కడ వాగు ఉందా?" చిన్న నది ఒకటి ఉందని నిజమే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఇందాక నా కొత్త ఫైలుకు మూడు పాలిథిన్ కవర్లు ఒకదాని మీద ఒకటి తొడిగి, ప్రతి దానికీ రబ్బరు బ్యాండు వేసింది. లోపల పెట్టడానికి ఒక అట్టముక్క కోసి, దాని మీద నా పేరు, పిన్ని వాళ్ల గుంటూరు చిరునామా రాసింది. పెన్ను అక్కడే ఉంది. నా సంచిలోంచి పెన్సిల్ తీసుకుని రాసింది.